కుంఫిణీ నుంచి గోలీల కంపెనీ దాకా

మా కిష్టారెడ్డిపేటలో నా చిన్నప్పుడు "మీ నాయిన ఏం జేస్తడు?" అని అడిగితే పిల్లలు రెండే జవాబులు చెప్పేవాళ్లు. ఒకటి ఎవుసం, రెండోది కంపెనీ. ఏ కంపెనీ, అందులో ఏ పని అన్నవి తర్వాతి సంగతులు. "పిలగాడు కంపెనీకి పోతుండు" అంటే చాలు, పెళ్లి సంబంధం దగ్గర మాట ముందుకు సాగేది. కంపెనీ అంటే ప్రహరీ గోడ, ఇనుప గేటు, గేటు పక్కన సెక్యూరిటీ రూము, లోపల ఒక పొగగొట్టం, మూడు షిఫ్టులు. వాసన సరే సరి.

ఇంగ్లీషు నిఘంటువులో 'కంపెనీ' అన్న మాట కింద బారెడు అర్థాలుంటాయి. తోడు, సహవాసం, అతిథులు, ఒక చోట చేరిన గుంపు, నాటకాలవాళ్ల బృందం, సైన్యంలో వంద చిల్లర మంది ఉండే దళం, ఓడ మీది సిబ్బంది, వ్యాపార సంస్థ. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు వీటికి సాంగత్యం, సావాసం, మండలి, సమాజం, సంఘం, పటాలం అని సమానార్థకాలు పేర్చాయి. ఇన్నింటిలో మా ఊరి అర్థం ఎక్కడా లేదు. ఇంగ్లీషువాడికి కంపెనీ అంటే గోడా గేటూ కాదు. వాడు 'కంపెనీ' తరఫున 'ఫ్యాక్టరీ'లో పని చేస్తాడు. మనం కంపెనీలోనే పని చేస్తాం, కంపెనీ నుంచే ఇంటికొస్తాం, పొద్దున లేచి కంపెనీ పొగే పీలుస్తాం. మనుషుల గుంపు అని అర్థమున్న మాట మా దగ్గరికొచ్చేసరికి ఒక చోటికి పేరెట్లా అయింది? ఈ వ్యాసం దాని గురించే.

మొదలు రొట్టె దగ్గర ఉంది. లాటిన్‌లో 'కుం' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. ఒకే రొట్టె తుంచుకు తినేవాళ్లు 'కంపానియో'లు. అక్కడి నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి కంపానియన్, కంపెనీ అనే మాటలు వచ్చాయి. ఇది చదివినప్పుడు నాకు వెంటనే తట్టిన తెలుగు మాట 'పొత్తు'. నిఘంటువులు దీన్ని ఎందుకో వెనక్కి నెట్టాయి గానీ, కంపెనీకి ఇంత దగ్గరి తెలుగు మాట ఇంకోటి లేదనుకుంటాను. పాత కావ్యభాషలో పొత్తు గుడుచుట అంటే ఒకే కంచంలో కలిసి తినడం. మా వైపు ఇప్పటికీ ఉమ్మడి కుటుంబాన్ని 'పొత్తుల సంసారం' అంటారు. ఇద్దరు కలిసి బర్రెను కొంటే అది 'పొత్తుల బర్రె'. తిండిలో భాగం, పెట్టుబడిలో భాగం, లాభనష్టాల్లో భాగం, మూడూ ఒకే మాటలో ఉన్నాయి. లాటిన్ రొట్టె చేసిన ప్రయాణాన్నే మన కంచం కూడా చేసిందన్నమాట. ఇప్పుడు పొత్తు అంటే ఎన్నికల పొత్తే గుర్తొస్తుంది. అందులోనూ తినడం ఉంది, అది వేరే విషయం.

వ్యాపారులు గుంపు కట్టడం మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిందేమీ కాదు. కాకతీయుల కాలపు శాసనాల్లో వర్తక శ్రేణులు కనిపిస్తాయి. ఒక ఊరి వ్యాపారుల సంఘం 'నకరం'. దేశదేశాలు తిరిగే వర్తకుల సమూహానికి 'పెక్కండ్రు' అనే పేరుంది. పెక్కండ్రు అంటే చాలామంది, అంతే. ఇంత మంచి మాట ఎలా పోయిందా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ మాటలో వ్యాపారం వెనక మనుషులు కనిపిస్తారు, లెక్కపెట్టొచ్చు కూడా.

ఇక మనకు తెలిసిన ఆ కంపెనీ దగ్గరికి వద్దాం. 1600 డిసెంబరు 31న మొదటి ఎలిజబెత్ రాణి ఇచ్చిన పట్టాతో లండన్‌లో ఈస్టిండియా కంపెనీ పుట్టింది. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో వాళ్ల మనుషులు మచిలీపట్నంలో దిగారు. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చి కూర్చున్నారు. గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు అదే. అక్కడ ఇంగ్లీషువాళ్లు ఒక 'ఫ్యాక్టరీ' పెట్టుకున్నారు.

ఈ ఫ్యాక్టరీలో ఒక్క యంత్రం లేదు, పొగ లేదు. అక్కడ ఏదీ తయారు కాలేదు. 'ఫ్యాక్టర్' అంటే యజమాని తరఫున కొనుగోళ్లూ అమ్మకాలూ చేసే ఏజెంటు. అతను ఉండే ఇల్లు, అతని లెక్కల పుస్తకాలు, సరుకు దాచే గిడ్డంగి కలిపితే ఫ్యాక్టరీ. మన పాఠ్యపుస్తకాలు దీన్ని 'వర్తక స్థావరం' అని సరిగ్గానే తెలుగు చేశాయి. కంపెనీ ఉద్యోగుల మెట్లలో రైటర్ అందరికన్నా కింద, ఆ పైన ఫ్యాక్టర్, ఆ పైన జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్. ఫ్యాక్టరూ మర్చంటూ పోయారు గానీ రైటర్ మాత్రం మన పోలీస్ స్టేషన్లో ఇప్పటికీ ఉన్నాడు. గోదావరి జిల్లాల్లోని ఇంజరం, మాదపాలెంలలో కూడా ఇలాంటి ఫ్యాక్టరీలే ఉండేవి. నేతగాళ్లు తమ ఇళ్లలో తమ మగ్గాల మీద నేసేవాళ్లు. కంపెనీ ముందుగా డబ్బిచ్చి, తర్వాత బట్ట తీసుకునేది. మాదపాలెం పేరు ఇంగ్లీషులో ఒక రకం నూలుబట్టకే పేరైపోయింది.

అంటే పదిహేడో శతాబ్దంలో ఫ్యాక్టరీ అంటే వ్యాపారం చేసే చోటు, కంపెనీ అంటే వ్యాపారం చేసే మనుషులు. ఇవాళ ఇంగ్లీషులో ఫ్యాక్టరీ సరుకు తయారయ్యే చోటైంది. మా పటాన్‌చెరులో ఆ చోటి పేరు కూడా కంపెనీయే అయింది.

1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువాళ్లకు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 పగోడాలు సుంకం కట్టి తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చన్నాడు. దాన్నే 'బంగారు ఫర్మానా' అంటారు. అలా చేయి చాచి అనుమతి తీసుకున్నవాళ్లు 130 ఏళ్లు తిరిగేసరికి ఉత్తర సర్కారులకు యజమానులయ్యారు. 1800లో నిజాం నుంచి దత్తమండలాలూ వాళ్ల చేతికొచ్చాయి. తెలుగువాళ్లలో సగానికి పైగా ఒక వ్యాపార సంస్థకు శిస్తు కట్టే జనమయ్యారు.

అప్పుడు మన నోట్లో ఆ మాట 'కుంఫిణీ' అయింది. తమిళులకు కుంబిని, కన్నడిగులకు కుంపణి. 1830-31లో కాశీకి వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామి తన యాత్రాచరిత్రలో ఈ మాటను చాలాసార్లు వాడాడు. నన్ను ఆపింది ఆ మాట పక్కన వచ్చే 'వారు'. కుంఫిణీ వారు శిస్తు వసూలు చేస్తారు, కుంఫిణీ వారు రోడ్డు వేయిస్తారు. అంటే వ్యాకరణం ప్రకారం కుంఫిణీ మహద్వాచకం, అదీ గౌరవ బహువచనంలో. తిట్టుకున్నా మనుషుల్ని తిట్టుకున్నట్టే తిట్టుకున్నారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డది ఆ 'వారి' మీద. తెలుగు మీద మనసు పడి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వేసిన సీపీ బ్రౌన్ కూడా ఆ 'వారి'లో ఒకడే, కంపెనీ జీతగాడు. ఇవాళ ఆ 'వారు' ఊడిపోయింది. కంపెనీ 'వచ్చింది', కంపెనీ 'మూతపడింది', కంపెనీ 'తీసేసింది'. క్రియ మొత్తం నపుంసకలింగంలోకి జారింది.

కుంఫిణీ పాలన కోస్తాలో, సీమలో. మరి నిజాం ఇలాకాలో? మా వైపు కంపెనీ పాలకుడిగా రాలేదు, అప్పులవాడిగా వచ్చింది. 1810లలో హైదరాబాదులో విలియం పామర్ అండ్ కంపెనీ అని ఒక వడ్డీ వ్యాపార సంస్థ ఉండేది. పామర్ తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి మొఘలు ఘరానా స్త్రీ. ఈ సంస్థ నిజాం సర్కారుకు పెద్ద వడ్డీకి అప్పులిచ్చింది. 1820 నాటి అప్పు ఒక్కటే 60 లక్షల రూపాయలు. సంస్థలో భాగస్వామి రంబోల్డ్ భార్య, అప్పటి గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఇంట్లో పెరిగిన పిల్ల. ఇక అడిగేదెవరు? కోఠీలో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లెక్కలు బయటికి లాగాడు. చివరికి 1823లో పెద్ద కంపెనీ చిన్న కంపెనీ అప్పు తీర్చింది. బదులుగా ఉత్తర సర్కారుల కోసం నిజాంకు ఏటా కడుతున్న ఏడు లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా ఎగ్గొట్టింది. కోస్తా తెలుగువాళ్ల మీద నిజాంకు మిగిలిన చివరి హక్కు కూడా ఒక వడ్డీ కంపెనీ ఖాతాలో అలా కరిగిపోయింది. ఇద్దరిలో ఏ కంపెనీ నిజాంను ఎక్కువ ముంచిందో తేల్చడం కష్టం.

రెండో కథ బొగ్గుది. 1886లో గనుల హక్కులు లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి వెళ్లాయి. ఆ బేరం కుదిర్చిన నిజాం ఉద్యోగి అబ్దుల్ హక్ వాటాల వ్యవహారంలో సొంత లాభం చూసుకున్నాడని గోల పుట్టింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసేదాకా పోయింది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పుడది ప్రభుత్వానిది. అయినా గోదావరిఖనిలోనో కొత్తగూడెంలోనో కార్మికుణ్ని కదిపితే 'కంపెనీ' అనే అంటాడు. అయితే అక్కడ తేడా ఉంది. అతను పని చేసే చోటు 'బాయి'. బాయికి పోతాడు, కంపెనీ జీతమిస్తుంది. చోటు వేరు, యజమాని వేరు. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు 'మిల్లు', బోధన్‌లో నిజాం షుగర్స్ 'ఫ్యాక్టరీ', బీడీలు చుట్టే చోటు 'కార్ఖానా'. తెలంగాణలో పనిచోట్లకు ఇన్ని పేర్లుండేవి.

కోస్తా, సీమల్లో కుంఫిణీ పోయాక కంపెనీ అన్న మాట కొంతకాలం హాయిగా బతికింది, నాటకాల్లో. ధార్వాడ నాటక కంపెనీ ఆంధ్రదేశం వచ్చి ఆడాకే మనవాళ్లకు పద్యనాటకం పిచ్చి పట్టింది. సురభి వాళ్లు 1885లో మొదలెట్టారు. కాగితం మీద 'సమాజం' అని రాసుకున్నా జనం నోట 'సురభి కంపెనీ', 'మైలవరం కంపెనీ' అనే నడిచింది. సురభిలో అదొక కుటుంబం కూడా. ఆడేవాళ్లంతా ఒకే వంటింటి అన్నం తినేవాళ్లు. మాట పుట్టుకకు ఇంత నమ్మకంగా ఉన్న కంపెనీ మన దగ్గర ఇంకోటి లేదేమో. తర్వాత సినిమా కంపెనీలు, మద్రాసులో ఆర్టిస్టుల ఇంటి ముందు ఆగే 'కంపెనీ కారు'. వీటి గురించి చాలామంది రాశారు, నేను మా ఊరికొస్తాను.

పటాన్‌చెరు పేరులోనే చెరువుంది. కల్యాణి చాళుక్యుల శాసనాల్లో కనిపించే పొట్టలకెఱె ఇదేనని చరిత్రకారులంటారు. అందులోని 'కెఱె' అన్నా చెరువే. 1960లలో రామచంద్రపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది. 1972లో ఇక్రిశాట్. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలై, తర్వాత బొల్లారం, పాశమైలారం కలిశాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ అయ్యాక ఇక్కడికి పరిశ్రమలు ఇంకా వేగంగా వచ్చాయని పెద్దవాళ్లు చెబుతారు. ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. ఇక్కడే మిల్లు, ఫ్యాక్టరీ, కార్ఖానా అన్న పాత పేర్లన్నీ ఒక్కటైపోయాయి. అన్నీ కంపెనీలే.

ఎందుకంటే, నా ఊహ ఇది. చెరకు లోపలికి పోయి చక్కెర బయటికొస్తే ఆ చోటుకు చక్కెర ఫ్యాక్టరీ అని పేరు పెట్టగలం. పత్తి పోయి బట్ట వస్తే మిల్లు. ఇక్కడ డ్రమ్ముల్లో ఏదో లోపలికి పోతుంది, డ్రమ్ముల్లో ఇంకేదో బయటికొస్తుంది. అది మళ్లీ వేరే కంపెనీకి ముడిసరుకు. లోపల పనిచేసేవాళ్లకే చాలాసార్లు దాని పేరు నోరు తిరగదు. ఏం తయారవుతుందో తెలియని చోటిని ఏమని పిలుస్తాం? బోర్డు మీదున్న మాటలో అర్థమయ్యే ముక్కతో పిలుస్తాం. బోర్డు మీద అర్థమైంది 'కంపెనీ' ఒక్కటే.

తెలిసిన చోట్ల మాత్రం మావాళ్లు ముందొక విశేషణం తగిలించారు. ఇనుప కంపెనీ, రంగుల కంపెనీ, సీసాల కంపెనీ, గోలీల కంపెనీ. మా దగ్గర గోలీలంటే మాత్రలు. మందుల కంపెనీ వేరు, మందు కంపెనీ వేరు. సంగారెడ్డి వైపు బీరు తయారయ్యే చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఏకవచనం, బహువచనం తేడా తప్పితే సంబంధం చెడిపోయేది. కంపెనీలో 'లిమిటెడ్' అంటే ఏమిటని నేను మా నానమ్మను అడిగితే, "హోటల్ల లిమిటెడ్ భోజనం లెక్క, కడుపు నిండదురా" అంది. అసలు అర్థం అంతకన్నా విచిత్రమైనది. పరిమితమైనది భోజనం కాదు, బాధ్యత. కంపెనీ మునిగితే వాటాదారు పెట్టిన డబ్బు మేరకే పోతుంది, అతని ఇల్లూ పొలమూ పోవు. పొత్తుల బర్రె చస్తే ఇద్దరూ పూర్తిగా మునుగుతారు. పొత్తుకూ కంపెనీకీ మధ్య తెగిన తాడు ఇక్కడే ఉంది.

బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఇంకో అర్థం లాగారు. హిందీలో 'కం పానీ' అంటే తక్కువ నీళ్లు. జోకే, కానీ తక్కువ కాదు, ఎక్కువే వచ్చాయి. నీళ్లలోనూ 'కంపెనీ నీళ్లు' అని ఒక కొత్త రకం పుట్టింది. ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరలోకి పోయాయి. చెరువులు రంగు మారాయి, బోర్లు పాడయ్యాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాల పాటు ఊళ్ల వెంట తిరిగి దీని మీద కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. దెబ్బతిన్న ఊళ్లకు మంచినీళ్లివ్వాలని కోర్టులు చెప్పాల్సి వచ్చింది. కంపెనీల నీళ్లు శుద్ధి చేయడానికి ఒక ఉమ్మడి కేంద్రం కట్టారు. దాన్ని నడిపేది కూడా కంపెనీయే, పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్. కంపెనీలన్నీ పొత్తుల పెట్టుకున్న కంపెనీ అన్నమాట.

మాట గురించి నేనెందుకింత పట్టుబడుతున్నానో ఇక్కడ చెప్పాలి. చట్టంలో కంపెనీ ఒక వ్యక్తి. దానికి ఆస్తి ఉంటుంది, అది కేసు వేయగలదు, దాని మీద కేసు వేయొచ్చు. వాటాదారులు పోయినా అది పోదు. ఆ వ్యక్తికి ఒక రిజిస్టర్డ్ ఆఫీసు ఉండి తీరాలి, నోటీసులు అక్కడికి పంపాలి. ఆ చిరునామా తరచుగా నగరంలో ఉంటుంది. "కంపెనీ ఎక్కడుంది?" అని మా ఊరివాణ్ని అడిగితే చెరువు కట్ట దాటినంక అని చెయ్యి చూపిస్తాడు. వకీలును అడిగితే బంజారాహిల్స్ అని చెప్పొచ్చు. నీళ్లు ఒక చిరునామాకు వస్తాయి, నోటీసు ఇంకో చిరునామాకు పోతుంది. రైతు గోడ ముందు నిలబడి కంపెనీని తిడుతున్నాననుకుంటాడు. ఆ గోడ వెనక ఉన్నది పక్క ఊరి సెక్యూరిటీ గార్డు.

'కంపెనోళ్లు' అన్న మాటా ఇంతే. భూమి అమ్మినవాళ్ల నోట కంపెనోళ్లంటే యాజమాన్యం, కార్లలో వచ్చిపోయేవాళ్లు. రేకుల రూములు కట్టి కిరాయికిచ్చేవాళ్ల నోట కంపెనోళ్లంటే ఒడిశా, బిహార్ కుర్రాళ్లు, ఒక్కో గదిలో ఐదారుగురు. వాళ్లలో చాలామంది చట్టం లెక్కలో కంపెనీవాళ్లే కాదు, కాంట్రాక్టరు మనుషులు. ఇప్పుడు మా ఊరు అమీన్‌పూర్ వైపు నుంచి అపార్ట్‌మెంట్లతో కలిసిపోయింది. లిఫ్టులో ఎవరైనా "ఏ కంపెనీ అండీ?" అని అడిగితే గచ్చిబౌలి అని అర్థం. పొద్దున ఏడింటికి మా చౌరస్తాలో రెండు రకాల కంపెనీ బస్సులు ఆగుతాయి. ఎక్కేవాళ్లు ఒకరినొకరు చూసుకోరు. ఇక తోడు అన్న పాత అర్థం ఎక్కడైనా మిగిలిందంటే సాయంత్రం వైన్స్ పక్కన పర్మిట్ రూములో. "జర కంపెనీ ఇయ్యరాదే" అంటాడు ఒకడు. రొట్టె లేదు, పల్లీలుంటాయి.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఇండస్ట్రీస్ ప్లాంటులో పేలుడు జరిగింది. 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్ లాంటి దూరాల నుంచి వచ్చినవాళ్లు. శరీరాలు గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ పొద్దున మావైపు అందరూ అన్నమాట "కంపెనీ పేలింది". రెండు రోజుల తర్వాత వార్తల్లో వచ్చిన మాట "కంపెనీ పరిహారం ప్రకటించింది". రెండు వాక్యాల్లోనూ కర్త ఒకటే. మొదటి వాక్యంలో అది కూలిపోయింది. రెండో వాక్యంలో స్టాక్ ఎక్స్‌చేంజికి లేఖ రాసింది. తెలుగు చదవడం వచ్చిన ఎవరికీ ఆ రెండు వాక్యాల మధ్య తికమక కలగలేదు, అంతగా అలవాటైపోయింది. పటాన్‌చెరు ప్రభుత్వాస్పత్రి బయట రక్త నమూనాలివ్వడానికి ఎదురుచూస్తున్నవాళ్లకు తెలుగు రాదు. వాళ్లు అడిగే హిందీలో కూడా ఆ మాట కంపెనీయే.